వడుమాంగా ఊట

మా నాయనకు ఉప్పు మాన్పించిన రెండో నెలలో ఆయన పాదాలు వాచాయి. నేస్తున్నవాడల్లా ఆపేసి, మగ్గం గుంటలోంచి పైకి వచ్చి కూర్చున్నాడు.

"తొక్కుడు పలక మీద కాలు నిలవడంలేదమ్మా, చూడు" అన్నాడు.

వేలితో నొక్కాను. గుంట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. తిరుత్తణిలో మా ఇంట్లో ఉండేది ముగ్గురమే. నాయన నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని, వంట అమ్మది. తిరువళ్ళూరు డాక్టరు నాయనకు బీపీ ఉందని చెప్పిన రోజునుంచీ అమ్మ ఆయనకు చిన్న గిన్నెలో వేరుగా వండుతోంది. ఆయన ఒక్కమాట అనకుండా తినేవాడు. చప్పిడి కూడు ఇంత ఇష్టంగా తినే మనిషి ఎక్కడా ఉండడని అమ్మ వీధంతా చెప్పుకునేది.

మరునాడే రైలెక్కి తిరువళ్ళూరు వెళ్ళాం. డాక్టరు తెలుగాయనే. కాళ్ళు చూశాడు, బీపీ చూశాడు, మళ్ళీ చూశాడు.

"ఉప్పు తింటా ఉండాడా?"

"సామి సత్తెంగా లేదు సార్. ఒక్క ఉప్పురాయి గూడా ఎయ్యలేదు" అంది అమ్మ.

"పొద్దున్నించీ ఏమేమి పెడతావో వరసగా చెప్పు."

"పొద్దున గంజి. పగటికి పప్పు, అన్నం. చింతపండు వేడని అది గూడా మానేసినా సార్. పులుపుకు వడుమాంగా ఊట పోస్తా ఉండా."

రాస్తున్న డాక్టరు చెయ్యి ఆగిపోయింది.

నాకూ అప్పుడే వెలిగింది. ఆ వేసవిలో వడుమాంగాకని పిందె మామిడికాయలు కడిగి, ఆరబెట్టి, ఆముదం రాసి, జాడీలోకి ఎత్తింది నేనే. వరస కాయలు, వరస రాళ్ళుప్పు, పైన ఆవపొడి, పసుపు. రోజూ జాడీ కుదిపితే వారం తిరిగేసరికి కాయలు ముడుచుకుని, ఉప్పంతా నీళ్ళయి పైకి తేలింది. ఆ నీళ్ళనే మేం ఊట అంటాం. పప్పులోకీ మజ్జిగపులుసులోకీ అది పొయ్యడం మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే. కానీ నాయన గిన్నెలోకి పోతోందని నాకు తెలియదు.

"ఎంత పోస్తావు?" అన్నాడు డాక్టరు.

"పప్పులోకి రెండు గరిటెలు. గంజిలోకి ఒకటి."

"అది ఉప్పే కదమ్మా!"

"ఉప్పు యాడిది సార్? అది మాంగా నీళ్ళు..." అంటూనే అమ్మ నావైపు తిరిగింది. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో నాయన తల వంచుకుని మెల్లగా అన్నాడు. "నాకు తెలుసు."

ముగ్గురం ఆయనవైపు తిరిగాం.

"మొదటి ముద్దకే తెలిసిపోయింది."

"ఏమయ్యా, తెలిసి గూడా తింటివా? చెప్పొద్దా?"

"చెప్తే అది గూడా నిలిపేస్తావని..."

డాక్టరు కోప్పడాలో నవ్వాలో తెలియనట్టు కూర్చుండిపోయాడు. నాకైతే నవ్వు రాలేదు. రెండు నెలలుగా ఆ గిన్నె నా ముందునుంచే వెళ్ళింది.

స్టేషనులో అమ్మ నాయనకు దూరంగా వేరే బెంచీ మీద కూర్చుంది. ఇంటికి రాగానే జాడీ ఎత్తి పారబోయబోతే నేను ఆపాను. పక్కింటికి ఇచ్చొచ్చాను, ఆ ఇంట్లో ఎవరికీ బీపీ లేదుకదా అని రెండుసార్లు అడిగి మరీ.

మాత్రలకూ నిజమైన చప్పిడికీ పది రోజుల్లో వాపు తీసింది. నాయన మళ్ళీ గుంటలోకి దిగాడు. ఇప్పుడు అన్నం ముందు కూర్చుంటే ప్రతి ముద్దకూ మొహం చిట్లించేవాడు. గుటక మింగలేక నీళ్ళు తాగేవాడు. అమ్మ ఎదురుగా కూర్చుని, ఆ చిట్లింపు కళ్ళారా చూసుకున్నాకే తన కంచం పెట్టుకునేది.