నిదానం బండి

చర్చి శవబండి నడిపే ఆయన్ని పేటంతా 'నిదానం' అనేది. శవయాత్రకు తొందర పనికిరాదన్నది పాస్టరుగారి శాసనం. ఆయన దాన్ని ఎంత భక్తిగా పాటించాడంటే, ఆ బండి మూడో గేరు ముఖం ఎరగదు. కట్టుకున్న భార్యనూ అందులోనే, అదే వేగంతో సాగనంపి వచ్చాడు. ఎదురింటి ముసలావిడ మాత్రం బండి కదిలితే చాలు, కిటికీ టపామని మూసేసేది.

ఆ మధ్యాహ్నం ఆ కిటికీలోంచే కేక వినబడింది. నెలలు నిండిన కోడలికి రక్తం ఆగడం లేదు. కొడుకు ఊళ్లో లేడు. ఉన్న ఒక్క అంబులెన్సూ ఎక్కడికో పోయింది.

నిదానం బండి వెనక తలుపు తీసి, పేటిక పెట్టే బల్ల మీద తన దుప్పట్లన్నీ పరిచాడు.

ముసలావిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "బతికున్న మనిషిని ఇందులోనా?"

"పిన్నిగారూ, బైబిల్లో ఆ సమరయుడు దెబ్బలు తిన్నవాణ్ణి తన గాడిద మీద ఎక్కించాడు. అంతకుముందు అదేం మోసిందో ఎవరూ అడగలేదు."

"నీ గాడిద ఏం మోసిందో నాకు తెలుసు కదరా."

కోడలు గోడ పట్టుకుని లేచింది. "అత్తయ్యా, జరగండి," అని తనే వెళ్లి బండెక్కింది. ముసలావిడా గొణుక్కుంటూ వెనకే ఎక్కింది.

మూడో గేరు పడింది. బండి ఉలిక్కిపడి దగ్గి, పరుగందుకుంది. శవబండికి దక్కే మర్యాద బతికున్నవాళ్లకు దక్కదు. బస్సులు సైతం పక్కకు తప్పుకున్నాయి. దారిలో ఒకాయన భక్తిగా తల వంచాడు, లోపల మూలుగు విని చప్పున ఎత్తాడు.

కాసేపటికి ఆ మూలుగూ ఆగింది.

"మాట్లాడవే తల్లీ," వెనక ముసలావిడ బతిమాలుతోంది.

ఆసుపత్రి గేటు దాటగానే నిదానం చేతులు అలవాటుగా ఎడమకు తిప్పాయి. బండి తిన్నగా మార్చురీ ముందు ఆగింది. వెనక్కి తిప్పుకునే చోటు లేదు.

"ఎక్కడికి తెచ్చావురా నాయనా..."

మార్చురీ మనిషి ఆవలిస్తూ స్ట్రెచర్ తోసుకొచ్చాడు. నిదానం దాన్ని లాక్కుని కోడల్ని పడుకోబెట్టి, వెనక నడవాలోంచి కాన్పుల వార్డుకు పరిగెత్తాడు. ఆ నడవాలో అందరూ మార్చురీ వైపు వచ్చేవాళ్లే. ఇటునుంచి అటు వెళ్లింది ఆమె ఒక్కతే.

చీకటి పడుతుండగా డాక్టరమ్మ బయటికొచ్చింది. ఆడపిల్ల. తల్లికీ గండం గడిచింది.

ముసలావిడ నిదానం వైపు తిరిగి, "ఆ దుప్పట్లు ఇటు పడెయ్యి. నేను ఉతుకుతాను," అంది.

తల్లీబిడ్డా ఇంటికొచ్చాక, ఒక ఉదయం పేటికతో బండి కదిలింది. ఎదురింటి కిటికీ యథాప్రకారం మూతపడింది. టపామని కాదు, పసిది లేస్తుందని మెల్లగా.