పత్తికొండకు మోసుకెళ్ళిన స్కానింగు కబురు

పిల్లల మెదడు స్కానింగులు చదవడంలో ప్రత్యేక శిక్షణ కోసం నేను బెంగళూరులో ఉంటున్నాను. ఫెలోషిప్ అంటారు. పేరు గొప్పగానే ఉంటుంది గానీ, పనంతా చీకటి గదిలో తెర ముందు కూర్చోవడమే. పిల్లలు కనబడరు, వాళ్ళ మెదళ్ళే కనబడతాయి. అలా కనబడినవాడు నాలుగేళ్ళ దావీదు, పత్తికొండ పక్క పల్లె వాడు. మెదడులోని తెల్లభాగం మెల్లమెల్లగా పాడైపోయే జబ్బు. మందు లేదు. వాడి అమ్మానాన్నలు మేనరికం చేసుకున్నవాళ్ళు, జబ్బు రెండు వైపుల నుంచీ వచ్చింది. రిపోర్టు తీసుకోవడానికి ఎంతకీ రాకపోతే మా ప్రొఫెసరే ఫోన్ చేశారు. "మా తమ్మునికీ దావీదు పిన్నమ్మకూ పెళ్ళి ఉండాది సార్, అయినాక వస్తాం" అన్నాడు తండ్రి. మళ్ళీ అవే రెండిళ్ళు! ఆయన నా వైపు తిరిగి, "సెలవుకు కర్నూలే కదా వెళ్తున్నావు, పెళ్ళిలోపు చెప్పి రా" అన్నారు.

కర్నూలు బస్టాండులో పొద్దున ఏడింటికి పత్తికొండ బస్సెక్కాను. టికెట్టు నలభై లోపే. గంట తర్వాత కోడుమూరులో ఆగినప్పుడు మరమరాలతో చేసే ఉగ్గాని, బజ్జీ తినండి, పది రూపాయలకు కడుపు నిండుతుంది. నాకు మాత్రం నాలుగు ముద్దలు కూడా దిగలేదు. కిటికీ అవతల ఏప్రిల్ నెల బీళ్ళు, ఇవతల నేను. చెప్పాల్సిన మాటను తెలుగులో కూర్చుకుంటూ, మళ్ళీ చెరిపేసుకుంటూ పోయాను. రిపోర్టులో ఇంగ్లీషులో రాసినప్పుడు రెండు లైన్లే అయింది మరి.

పత్తికొండలో టమోటా మార్కెట్ దగ్గర షేర్ ఆటోలుంటాయి, మనిషికి ఎనిమిది రూపాయలు. "యాడికి పోవాల మేడమ్?" అన్నాడు డ్రైవరు. దావీదు తల్లి సుగుణమ్మ ఇల్లన్నాను. "ఆ పిల్లోనిల్లా? సర్చి కాడ దింపుతా. పోయినేడు ఈడంతా పరిగెత్తుతాండె. ఇప్పుడు మెడ గూడా నిలపల్యాకుండాడు" అన్నాడు. వింటూంటే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది.

సుగుణమ్మ జొన్నరొట్టె పెట్టింది. ఆమె చెల్లెలు ఎస్తేరు, అంటే ఆ పెళ్ళికూతురే, వాణ్ణి ఒళ్ళో వేసుకుని మెత్తగా పిసికిన అన్నం తినిపిస్తోంది. ముద్ద పెట్టడం, బొటనవేలితో గొంతు నిమరడం, వాడు మింగేదాకా ఆగడం. గిన్నె ఖాళీ కావడానికి గంట పట్టింది. అప్పుడు చెప్పాను. దావీదుకు నయం కాదనీ, ఈ రెండిళ్ళ మధ్య ఇంకో పెళ్ళి జరిగితే పుట్టే పిల్లలకూ రావచ్చనీ, ఈ పెళ్ళి వద్దనీ.

సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సర్చిలో రెండు ఆదివారాలు పేర్లు సదివినారు మేడమ్, ఇంగొక్కటే ఉండాది" అంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ఆ ఇద్దరి పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళను చెప్పమంటారు అక్కడ. ఆ అభ్యంతరం నేనే అయ్యాను.

ఎస్తేరు తలెత్తలేదు. "రాజంపేట సంబంధం వచ్చింటే నేనే వద్దంటి మేడమ్. అంత దూరం పోతే వీనికి తినిపించేదెవరు? అక్క కూలికి పోవాల. ఈడ చేసుకుంటే ఈ ఇంట్లోనే ఉంటా గదా అని." వాడి మూతి తుడుస్తూ అడిగింది: "నాకి పిల్లలే వద్దనుకుంటే? అప్పుడు చేసుకోవచ్చునా?"

పెళ్ళయ్యాక ఆ మాట మీద ఎవరు నిలబడనిస్తారమ్మా అన్నాను. తప్పు చెప్పలేదు. అయినా ఆటో ఎక్కాక చాలాసేపు ఏడ్చాను.

మూడో ఆదివారం పేర్లు చదవలేదు. మంచి పని చేశావన్నారు డిపార్టుమెంటులో. జూన్‌లో ఎస్తేరును రాజంపేటకే ఇచ్చారు. మొన్న ఫోన్ చేస్తే సుగుణమ్మ, "కూలి మానుకుని నేనే తినిపిస్తాండా మేడమ్. నా చేత్తో మింగడంల్యా. శానా సన్నబడినాడు" అంది. ఇద్దరు పుట్టబోయే పిల్లల కోసమో ముగ్గురి కోసమో వెళ్ళాను, పుట్టి ఉన్నవాడి ముద్ద తీసేసి వచ్చాను. మళ్ళీ చెప్పాల్సి వచ్చినా అదే చెప్తాను, అందుకే ఈ దిగులు పోవడం లేదు.

ఇలాంటి కబురుతో ఆ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. పత్తికొండ నుంచి సాయంత్రం బస్సులు తక్కువ, తొలి బస్సుకే బయల్దేరండి. వెళ్ళాక, ఆ బిడ్డకు అన్నం ఎవరు తినిపిస్తున్నారో ముందు అడగండి. మీ మాట ఆ తర్వాత చెప్పండి.