మీటరును ఎంచుకున్న చెవి

ఆ రోజుల్లో మా ఊరికంతటికీ కారు మాదొక్కటే. చండ్రుగొండకు అవతల, అడవి అంచున ఉన్న ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుణ్ణి. నా భార్యకు ఉబ్బసం. ముసురు పట్టి ఆమెకు ఊపిరి బిగిసిందంటే కొత్తగూడెం దవాఖానాకు చేర్చక తప్పదు. దారి పొడవునా టేకూ వెదురూ. బస్సును నమ్ముకొని ఒకమారు ఆమెను పోగొట్టుకోబోయిన తరువాతనే ఆ పాత కారు కొన్నాను. కనుక దాని ఇంజను బాగోగులు నాకు ఆమె ఊపిరితో సమానం.

మరమ్మతు ఇంటివద్ద నేనే చేసుకొనేవాణ్ణి. పెద్ద స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి అదిమిపెట్టి వినడం ఖమ్మంలో ఒక ముసలి మేస్త్రీ నాకు నేర్పిన విద్య. ఛందస్సు చెప్పే చెవికి అది కష్టం కాలేదు. తరగతి చివరి బల్ల మీద ఎవడైనా పద్యంలో ఒక లఘువు జారవిడిస్తే పట్టుకొనేవాణ్ణి. నాలుగు సిలిండర్లలో ఒక దెబ్బ తప్పితే పట్టుకోలేనా? ఆ గర్వం నాలో ఎంత లోతుకు దిగిందో నాకే తెలియదు.

ఒక ఏడు తొలకరి వేళ కారు గతుకుల దారిలో తడబడసాగింది, ఒకటి రెండుసార్లు ఆగిపోయింది కూడా. ఎప్పటివలెనే పిడిని చెవికి పెట్టాను. అదురు దవడకు తెలిసింది గాని దెబ్బ వినబడలేదు. చెవి పోతున్నదేమోనన్న ఆలోచన గడపదాకా వచ్చింది, లోపలికి రానివ్వలేదు. చెవితో పనిలేని పరికరమేదైనా కొందామని ఖమ్మం వెళ్లాను.

మేస్త్రీ నా ముందు రెండు పెట్టాడు. ఒకటి, ప్లగ్గు విప్పిన రంధ్రంలో అదిమితే సిలిండరు బలం చూపే ప్రెషర్ గేజి. రెండవది, కరెంటు తీగ లోపల తెగిందో లేదో చెప్పే ముల్లు మీటరు.

"ఈ రెండింటిలో ఏది మేలైనది?" అని అడిగాను.

"మంచిది చెడ్డది ఏముంటది సారూ? బీమారి ఏందో చెప్తె గద, మందు చెప్పేది. దెబ్బ వరసగ తప్పుతుందా, అప్పుడప్పుడు తప్పుతుందా? వరసగ అయితే లోపల అరిగినట్టు, గేజి తీస్కోండ్రి. అప్పుడప్పుడైతే కరెంటుది, మీటర్ తీస్కోండ్రి."

నాకు వినబడటం లేదు. ఆ మూడు మాటలు నాలుక దాటలేదు.

"వరుసగానే" అన్నాను.

"మీరు చెప్పినంక ఇగ డౌటేంది? మీది పాముచెవి" అని నవ్వి, గేజిని గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఆ వారంలోనే ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం నా భార్యకు ఆయాసం హెచ్చింది. బయలుదేరాము. నట్టడవిలో కారు రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. కొత్త పరికరం ఉన్నదన్న ధీమాతో మూత ఎత్తి ప్లగ్గులు విప్పాను. గేజిని నేను అదిమి పట్టుకొంటే ఇంజనును ఇంకొకరు తిప్పాలి.

"ఒక్కసారి తాళం తిప్పు" అన్నాను.

ఆమె పక్క సీటునుంచి ఒరిగి, రొప్పుతూనే తిప్పింది. అట్లా నాలుగుసార్లు. నాలుగు సిలిండర్లూ నిండు బలంతో ఉన్నవి. అరుగుదల ఎక్కడా లేదు. రోగం లేని చోటును అంత నిక్కచ్చిగా చూపిన ఆ గేజిని పట్టుకొని వానలో నిలబడిపోయాను.

వెనుకనుంచి వచ్చిన వెదురు లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఒక్క చూపులో అంతా గ్రహించాడు.

"ఓ పెద్దమనిషీ! ఆమెకు దమ్ము అందుతలేదు, నువ్వు ఇంజన్‌కు నాడి చూస్తున్నవా? జల్దీ ఎక్కించు!"

దవాఖానాలో ఆమెకు ఆక్సిజన్ పెట్టారు. మూడవనాటికి గాని మాట తేరుకోలేదు. అప్పుడు మెల్లగా నన్ను దగ్గరికి పిలిచి, చెవి పక్కన నోరు పెట్టి చెప్పింది:

"దెబ్బ వరసగ తప్పుతలేదండీ. గుంటల పడ్డప్పుడే తప్పుతది. ఎండకాలం నుంచి వింటున్న."

"మరి చెప్పలేదేం?"

"ఇంటికొచ్చే పిల్లలు పద్యం తప్పు చదివినా మీరు ఊకుంటున్నరు. నాకు గప్పుడే తెల్సింది. కారు సంగతి చెప్తే చెవి సంగతి బయటపడదా? మీకు చిన్నతనమైతదని ఊకున్న." దుప్పటి సర్దుకొని, "తాళం తిప్పమన్నప్పుడు మాత్రం కోపమొచ్చింది" అని కొంచెం నవ్వింది.

నా గర్వానికి ఆమె తన ఊపిరిని కాపలా పెట్టింది.

కారును ట్రాక్టరుతో ఊరికి లాగించాను. ఆమె కోలుకొన్నాక ఇద్దరం బస్సెక్కి ఖమ్మం వెళ్లాము. గేజిని మేస్త్రీ ముందు పెట్టి, "ఆనాడు మీతో అబద్ధమాడాను. నాకు వినబడటం లేదు" అన్నాను.

అతడు చేతులు తుడుచుకొన్నాడు. ఆనాడు నన్నడిగిన ప్రశ్నే ఆమెను అడిగాడు.

"గుంటల పడ్డప్పుడే తప్పుతది, అన్నా. చదును రోడ్డు మీద మంచిగనే నడుస్తది."

మేస్త్రీ మీటరును నా వైపు కాక ఆమె వైపు జరిపాడు. "ఈ విద్య నీకు నేర్పి ఉంటే మంచిగుండేది తల్లీ."

ఇంటికి వచ్చి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు విప్పాను. లోపల వేలెడు పొడవు తీగ. పైతొడుగు చెక్కుచెదరలేదు. మీటరు తగిలించి తీగను కొద్దిగా వంచగానే ముల్లు పడిపోయింది, వదలగానే లేచింది. లోపలి పోగు ఎన్నడో తెగి, కుదుపు తగిలినప్పుడల్లా విడిపోతున్నదన్నమాట. తీగ మార్చాను. ఆమె స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకొని విని, తల ఊపింది. ఆనాటినుంచి ఆ పిడి ఆమెదే.

సోమవారం బడిలో, పద్యం అప్పజెప్పవలసినవాణ్ణి నా కుర్చీ పక్కకు వచ్చి గట్టిగా చదవమన్నాను.

"ఎందుకు సార్?" అన్నాడు వాడు.

నాకు వినబడటం లేదని చెప్పాను.