రేపల్లె వైపు ఎర్ర చుక్కలు

రైతులు ఫోనులోనే వరికోత మిషన్‌ని పిలిపించుకునే యాప్ ఒకటి తెనాలిలో మా ఆఫీసు నడుపుతోంది. జనం విసిగిపోయి ఒకే చోట టకటకా నొక్కినా, పని పూర్తికాకుండా మూసేసినా మా తెరమీద ఎర్ర చుక్క పడుతుంది. ఆ చుక్కలు చూసి యాప్ ఎక్కడ మొరాయిస్తోందో పట్టుకోవడం నా ఉద్యోగం. నాకే ముక్కు మీద కోపం కాబట్టి ఈ పనికి సరిగ్గా సరిపోయానని ఇంట్లోవాళ్ల వేళాకోళం.

మొన్న కోతల్లో రేపల్లె వైపు నుంచి చుక్కలు కుప్పలుగా పడ్డాయి. ఒక్కసారి నొక్కడం, వెంటనే మూసేయడం. రోజూ బాపట్ల నుంచి వచ్చే మా సహోద్యోగి "వాళ్లకి ఓపిక లేదండి, అంతే" అని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. అల్పపీడనం వస్తోందని టీవీలో ఒకటే చెబుతున్నారు. పండిన చేను పెట్టుకుని ఎవరికి సరదా? మర్నాడు పొద్దున్నే రేపల్లె రైలెక్కాను.

అందరికన్నా ఎక్కువసార్లు నొక్కి మూసేసింది నగరం అనే ఊరి దగ్గర పల్లెలో ఒక పెద్దావిడ. భర్త పోయాక వ్యవసాయమంతా ఆవిడదే. ఒరిగిపోయిన చేను ముందు, ఫోను ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది. యాప్ వాళ్లమని చెప్పగానే మొహం తిప్పుకుంది.

"నిన్నట్నుంచీ చూస్తన్నా అమ్మాయ్. మిస్‌డ్ కాల్ ఇస్తే తిరిగి చెయ్యరేంటి మీరు?"

"ఎవరికిచ్చారండి పిన్నిగారూ?"

"మీకే. ఇదిగో." యాప్ తెరిచి 'మిషన్ కావాలి' అన్నచోట నొక్కింది. చక్రం తిరగడం మొదలవగానే మూసేసింది. "ఇచ్చా. ఇంక మీరే చెయ్యాలిగా. ఇక్కడ అందరం అంతే."

ట్రాక్టరు కావాలన్నా, కూలీల మేస్త్రీ కావాలన్నా ఆ వైపు ఒక రింగు ఇచ్చి కట్ చేయడమే అలవాటు. అవతలివాళ్లే తిరిగి చేస్తారు. మా యాప్ ఏమో ఆ చక్రం తిరిగినంతసేపూ మిషన్ల ఫొటోలన్నీ దించుకుని, ఆ తర్వాతే రైతు పిలుపు మాకు పంపుతోంది. చేలో సిగ్నల్ అంతంతమాత్రం. ఈలోపే వీళ్లు మూసేస్తుంటే ఎర్ర చుక్క తప్ప ఏ పిలుపూ మాకు అందడం లేదు. వాళ్లు విసుక్కుంటున్నారని మేం అనుకున్నాం. వాళ్లేమో మమ్మల్ని నమ్ముకుని కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మా యాప్‌లో ఉన్న పొన్నూరు మిషన్ యజమాని ఒకతనికి అక్కడినుంచే ఫోన్ చేశాను. దగ్గర్లోనే కోస్తున్నాడట, మధ్యాహ్నానికి వచ్చాడు. మిషన్ చేలోకి దిగాక పెద్దావిడ చెంగుతో కళ్లు తుడుచుకుని, "అన్నం తిన్నావా అమ్మాయ్?" అంది.

తెనాలికి ఫోన్ చేసి, ఫొటోల సంగతి తర్వాత, ముందు పిలుపు వెళ్లేట్టు మార్చమన్నాను.

"సాయంత్రానికి మార్చేస్తానండి," అన్నాడు సహోద్యోగి. "మరి ఇప్పటిదాకా నొక్కినవాళ్లో?"

వాళ్ల నంబర్లన్నీ పంపమన్నాను. వాన రేపటికి గానీ రాదంటున్నారు. గట్టు మీదే కూర్చుని మొదటి నంబరు కలిపాను. ఒక రింగైనా పూర్తిగా మోగకముందే ఎత్తారు.

"చెప్పండి," అంది ఒక ఆడగొంతు. "మిషన్ ఎప్పుడొస్తదండి?"