కోట గోడ నీడలో ఆఖరి ఆమేన్

దయ్యాల కథలు చెప్పే పిల్లల్ని బెంచీ ఎక్కించిన టీచర్ని నేను. అలాంటివేవీ లేవని మీ అమ్మకు కూడా చెప్పి పెంచాను. ఇప్పుడు మీ అవ్వే ఈ సంగతి రాస్తోందని నవ్వుకోకండి పిల్లలూ. భిలాయిలో ఉన్న మీకు ఫోన్లో చెబుదామంటే నా మాట సగమే వినపడుతుంది. అందుకే రాస్తున్నాను.

మూడేళ్ల కిందటి మాట. నా చెల్లెలు, మీ చిన్నవ్వ సలోమికి గర్భసంచిలో గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని నెల్లూరులో డాక్టర్లు చెప్పారు. రెండుసార్లు ఆసుపత్రి గేటు దాకా వెళ్లి, భయపడి తిరిగొచ్చేసింది. మూడోసారి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది.

"సోమవారం కచ్చితంగా వస్తా. దానికి ముందు ఒక్క దినం నన్ను ఉదయగిరి కోటకి తీసకపో అక్కా. చిన్నప్పుడు అమ్మ తీసకపోయినాది చూడు, అట్లా."

శనివారం పొద్దున ఆత్మకూరు నుంచి మస్తాన్ ఆటోలో బయల్దేరాం. తొందరేమీ లేదు. దారిలో ఒక నిమ్మతోట దగ్గర దిగాం, ఇంకోచోట టీ తాగాం. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కే వాళ్ల ఇంటి ముందు ఆమె చాలాసేపు కూర్చుని చూసింది. చివరికి చిన్నది ఒకటి కొనుక్కుంది.

"ఆపరేషన్ అయినాక దీంతోనే నాకు జావ పొయ్యి. బతికుంటే."

"నోరు ముయ్యవే," అన్నాను.

కోట పైదాకా ఎక్కే మోకాళ్లు కావు మావి. కొంత దూరం ఎక్కి, పాత గోడ నీడలో కూర్చున్నాం. కింద ఊరు, దాని చుట్టూ పొలాలు. మిట్టమధ్యాహ్నం. క్యారేజీ విప్పాను. పులిహోర, కోడి వేపుడు.

మన ఇంట్లో అన్నం ముందు ప్రార్థన మీకు తెలిసిందే. ఒకరు చేస్తే మిగతావాళ్లు కళ్లు మూసుకుంటారు. తర్వాత చిన్నవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరే ఆమేన్ అనాలి. ఆఖరి ఆమేన్ అందరికన్నా పెద్దవాళ్లది. మా అమ్మ ఉన్నన్నాళ్లూ అది ఆమెదే. దేవుణ్ణి కన్నతండ్రిలాగా పిలుస్తూ "ఆమేన్, నాయనా" అనేది. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు. అమ్మ పోయి అప్పటికి పదకొండేళ్లు. ఆ ఆఖరి వంతు నాకొచ్చింది.

సలోమి ప్రార్థన చేసింది.

"ప్రభువా, నన్ను బతికించి ఇంటికి పంపించు. అది నీకు ఇష్టం లేకపోతే, నొప్పి లేకుండా మా అమ్మ దగ్గర చేర్చు. ఆమేన్."

నేను నోరు తెరవబోయాను.

"ఆమేన్, నాయనా."

గట్టిగా వినపడింది. మా ఇద్దరి మధ్యలోంచి. చివర్లో అమ్మకుండే ఆ చిన్న జీర కూడా ఉంది.

కళ్లు తెరిచాను. సలోమి నన్నే చూస్తోంది.

"నువ్వేనా అక్కా?"

నిజం చెబితే అమ్మ పిలుస్తోందని అనుకుంటుంది. సోమవారం ఇక రాదు. "నేనే," అన్నాను. ప్రార్థన ముగిసీ ముగియకముందే అబద్ధమాడాను.

"అచ్చం అమ్మ లెక్కనే అన్నావే!"

"వయసు మీద పడినాది గదా, గొంతు మారింది. తినవే."

ఆమె తినింది. నేను చెయ్యి కడుక్కునే నెపంతో లేచి గోడ వెనక్కి వెళ్లి చూశాను. ఎండుగడ్డి, మేక పెంటికలు, మనిషి కాలు నిలవని బండ వాలు. కిందికి దిగాక, మా వెనక ఎవరైనా ఎక్కారా అని మస్తాన్‌ను అడిగాను.

"ఈ ఎండకి ఎవురు ఎక్కుతారమ్మా? మీరిద్దురే. నేను ఈడనే ఉండాను గదా."

సోమవారం సలోమి నా చెయ్యి కూడా పట్టుకోకుండా ఆసుపత్రి లోపలికి నడిచింది. ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్లకు, ఆ చెక్క స్పూనుతో జావ తాగిస్తుంటే ఉన్నట్టుండి అంది.

"ఆ పొద్దు కొండ మీద అనింది నువ్వు కాదు గదా."

నేను ఇంకో స్పూను జావ ఆమె నోటికి అందించాను.

"నీ ఆమేన్ పక్కనున్నోళ్లకే ఇనపడదు. దానికి అమ్మ నిన్ను ఎన్నిసార్లు తిట్టినాదో! నాకు ఆడనే తెలిసిపోయినాది."

"మరి భయం వెయ్యలేదటే?"

"అమ్మే ఆమేన్ అనినాక ఇంక భయమేంది? బతికినా అమ్మ మాటే, పోయినా అమ్మ మాటే."

ఆ మాటతో ఆమె భయం పోయింది. నా భయం అక్కడే మొదలైంది. ప్రార్థనలో ఆమె అడిగినవి రెండు, బతుకు, లేదా అమ్మ దగ్గరికి పోవడం. అమ్మ దేనికి ఆమేన్ అంది? చెల్లెలు బాగానే ఉంది, రోజూ ఫోన్లో నన్ను ఆటపట్టిస్తూనే ఉంటుంది. అయినా ఆమె ఆసుపత్రిలో పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ, రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ గొంతే నా చెవుల్లో ఉంటుంది.

ఎండకు నా తల తిరిగిందనుకుందామంటే, ఇద్దరమూ విన్నాం. దారిన పోయేవాళ్లెవరో అన్నారనుకుందామంటే, మా అమ్మ మాట వాళ్లకెలా తెలుసు? బెంచీ ఎక్కించిన పిల్లలు ఇప్పుడొచ్చి అడిగితే, ఆ బెంచీ నేనే ఎక్కాలి.

రోజూ అన్నం ముందు నా వంతు ఆమేన్ అంటూనే ఉన్నాను. ఆ రోజుది మాత్రం ఇంకా నా నోట్లోనే ఉండిపోయింది. నువ్వు ఏ కోరికకు అన్నావో తెలియకుండా నేనెలా అననమ్మా?