వెండి పిడుల కర్రలు

సుశీలమ్మకు వెగటు పుట్టించేవి లోకంలో చాలానే ఉన్నాయి. వాటిలో మొదటిది సిఫారసు దర్శనం. పెళ్లయిన నాటినుంచి తిరుమలకు ఎన్నోసార్లు పోయింది కానీ ఒక్కసారైనా కాళ్లు నొచ్చింది లేదు. పులివెందులలో ఇంటి ముందు కారెక్కడం, కొండమీద దిగడం, భర్త ఆదినారాయణ ఎవరిదో ఉత్తరం చూపించడం, పిల్లాజెల్లాతో నిలబడ్డ జనం పక్కనుంచి గబగబా లోపలికి పోవడం. దేవుడి ముందు చేతులు జోడించినా ఆ జనం చూసిన చూపే గుర్తొచ్చేది. భక్తి సంగతి దేవుడెరుగు, ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

అందుకే, టీచరుగా రిటైరైన రాజ్యలక్ష్మి ఏటా కొందరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వేంపల్లె, చక్రాయపేట మీదుగా కొండకు నడిచిపోతుందని తెలిసి, తానూ వస్తానంది. ఆ గుంపుకు ఒకటే నియమం. వెనకాల ఆటో రాదు, ఎవరి సంచి వాళ్లే వీపున మోసుకోవాలి. చిక్కల్లా మోకాళ్లతోనే. ప్రొద్దుటూరు డాక్టరు ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిపోయిందన్నాడు. ఈ ఏడు పోతానంటే రెండు చేతుల్లో రెండు కర్రలు ఉండాలట, వచ్చే ఏడు ఆపరేషన్ తప్పదట, ఆ తర్వాత ఇంత దూరం నడకల మాట మరిచిపోవాలట. అంటే పోతే ఇప్పుడే, లేకుంటే ఇంక లేదు.

కొండలెక్కేవాళ్లు వాడే కర్రలని కోడలు శిల్ప ఫోన్లో ఒక జత తెప్పించింది. వాటి లోపల స్ప్రింగులు. అడుగేసినప్పుడల్లా కిర్రుకిర్రుమంటుంటే, కర్రనా ఇది, కీళ్లు వదిలిన మంచమా అని ఆమె ఆ సాయంత్రమే వాపసు పంపించింది. రెండో జత చూడ్డానికి బాగుంది కానీ తోట చుట్టూ తిరిగొచ్చేసరికి భుజాలు లాగేశాయి. సగం దారిలో కర్రలను మోయడానికి ఇంకొకరు కావాలని తిట్టుకుంటూ దాన్నీ వదిలించుకుంది. మూడోది కార్బన్ జత. రెండూ కలిపినా లేత సొరకాయంత బరువు లేవు. వాటిని పట్టుకుని గట్టుమీద నడిచినప్పుడు మోకాలు నొప్పి అనలేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అట్లని వాటినీ ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకునే మనిషి కాదు. మంచులో దిగబడకుండా మొన దగ్గర చక్రాల్లాంటి బిళ్లలు పెట్టారు. పులివెందుల ఎండకు మంచు చక్రాలేమిటని పీకి పారేసింది. మణికట్టుకు తగిలించుకునే పట్టీలు గాజులకు చిక్కుకుంటుంటే కత్తిరించేసింది. పిడికున్న స్పాంజి చెమటకు జిగటగా మారి, ఎవరిదో కడుక్కోని చెయ్యి పట్టుకున్నట్టుండేది. దాని మీద పాత నూలుచీర చింపి బిగించి చుట్టింది. ఎక్కేటప్పుడు కర్ర పొట్టిగా, దిగేటప్పుడు పొడుగ్గా ఉండాలి కాబట్టి, జరుపుకోవడానికి రెండుచోట్ల గోళ్లరంగుతో గుర్తులు పెట్టించుకుంది. జమ్మలమడుగులో తమ్ముడింటికి పోయి, గండికోట రాళ్లమీద ఎక్కి దిగి చూసుకుంది. ఉక్కు మొనలు బండమీద జారుతుంటే టైరు ముక్కలతో తొడుగులు కుట్టించింది. చివరికి ఆ కర్రలు ఆమె చేతికి ఎంతగా అలవాటయ్యాయంటే, ఇంట్లో ఊరికే ఉన్నప్పుడు కూడా చేతులు వాటికోసం వెతుక్కునేవి.

ఆదినారాయణకు ఇదంతా తలవంపులుగా ఉంది. ఊళ్లో పంచాయితీలు చెప్పే మనిషి, చీనీ, అంటే బత్తాయి తోటల ఆసామి. అట్లాంటివాడి పెండ్లాం రెండు కర్రల ఊతంతో బజారున పోతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారని కొన్నాళ్లు మొహం ముడుచుకుని తిరిగాడు. తర్వాత ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. ప్రొద్దుటూరు పోతున్నానని, కర్రలు గట్టిగా ఉన్నాయో లేదో తెలిసినవాళ్లకు చూపించుకొస్తానని అడిగి పట్టుకుపోయాడు. ఆమె నమ్మి ఇచ్చింది. అన్నేళ్లు కాపురం చేసి కూడా నమ్మడం ఆమె తెలివితక్కువతనం.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం కర్రలు ఇంటికొచ్చాయి. చీర చుట్టు ఊడదీసి, పిడులకు వెండి తొడుగులు వేయించాడు. పైన కోరలు తెరిచిన సింహం తలలు. తొడుగు కదలకుండా కర్రకు అడ్డంగా చిల్లులు పొడిచి వెండి శీలలు దిగగొట్టించాడు. జరుపుకునే చోట వెండి పట్టీ బిగించడంతో పొడుగూ పొట్టీ చేసుకునే దారీ లేదు. బరువు చెయ్యి లాగేసేంత. అన్నిటికీ మించి, పెళ్లిళ్లలో పంచే స్టీలు గిన్నెల మీద కొట్టించినట్టు, రెండు పిడుల మీదా అక్షరాలు కొట్టించాడు. అక్కడ సుశీలమ్మ పేరు లేదు. ఆదినారాయణ గారి ధర్మపత్ని అని ఉంది.

ఆమె ఆ అక్షరాలను గోటితో గీకి చూసింది. ఆయన మాత్రం మురిసిపోతున్నాడు.

"ఇప్పుడు చూడు, ఎంత హుందాగా ఉండాయో. ఎవురన్నా కుంటిది అంటారా?"

రాత్రికి రాత్రి శీలలు పెరికితే కర్ర చీలుతుందని శిల్ప భయపడింది. పీకడానికీ లేదు, మార్చడానికీ లేదు. బరువైనా సరే, పోవడమే ముఖ్యమని సుశీలమ్మ పళ్లు బిగించుకుంది.

పొద్దున ఇంటి ముందు షామియానా, పూలదండలు, ఫోటోలు. నడిచేది ఆడవాళ్లయితే ఉపన్యాసం మగవాళ్లది. రాజ్యలక్ష్మి గుంపు సంచులు వీపున వేసుకుని ఎండలో నిలబడే ఉంది. ఆదినారాయణ జెండా ఊపాడు. సుశీలమ్మ మెట్టు దిగుతూ కుడిచేతి కర్ర మీద బరువు వేసింది. శీల దిగిన చోట కర్ర పుటుక్కున విరిగింది. ఆమె మోకాళ్లమీద పడింది. క్షణాల్లో కుడి మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది. రాజ్యలక్ష్మి పక్కన కూర్చుని చాలాసేపు చెయ్యి పట్టుకుంది. అంతకన్నా చేసేదేముంది, మిగతావాళ్లతో కదిలిపోయింది. సంచులు వీపున ఊగుతూ వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, సుశీలమ్మ లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

ఫోటోలు అప్పటికే అందరి ఫోన్లకూ ఎక్కాయి. భార్య పాదయాత్రకు జెండా ఊపిన ఆదినారాయణ అని పెద్దక్షరాలు. పడిన సంగతి వాటిలో ఎందుకుంటుంది? అభినందిస్తూ ఫోన్లు వస్తుంటే ఆయన అన్నిటికీ నవ్వుతూ జవాబు చెప్పాడు. ఆ తర్వాత మెల్లగా ఆమె మంచం దగ్గరికొచ్చాడు.

"వాళ్లు తిరిగొచ్చేదాకా నువ్వు గడప దాటొద్దు. మనం కార్లో పోయి దర్శనం చేసుకోనొచ్చి లడ్లు పంచుదాం. నువ్వు పోల్యాదని ఎవురికి తెలుస్తాది?"

మొగుడనే మనిషిని చూస్తే అంత అసహ్యం వేయగలదని ఆమెకు అప్పటిదాకా తెలియదు. విరిగిన కర్రకు ఆమె బాధపడింది, పోలేకపోయినందుకు ఏడ్చింది. ఈ మాటకు మాత్రం ఏడుపు కూడా రాలేదు.

వాపు కాస్త తీసినాక, అంగళ్లు కిటకిటలాడే వేళ చూసి, మిగిలిన వెండి పిడి కర్ర పట్టుకుని గడప దాటింది. ఒక్కో అడుగూ ప్రాణం తీస్తున్నా ఆగలేదు. గాజుల అంగడి రహమత్‌బీ ఆమెను చూసి లేచి నిలబడింది. నడిచి కొండకు పోయినావంటిరే, ఈడుండావేందమ్మా అని అడిగింది.

సుశీలమ్మ గొంతు తగ్గించలేదు.

"పోల్యా రహమత్‌బీ. మా ఆయన నా కర్రలకు ఎండి తొడిగించి, ఆయన పేరు కొట్టించినాడు. ఆ చిల్లి కాడ ఇరిగి, జనం ముందరే పడినా. ఇప్పుడు నన్ను ఇంట్లో దాపెట్టి, నడిచిపోయిందని ఊరంతా చెప్పుకుంటాండాడు."

పిడి మీది అక్షరాలు వేలితో చూపిస్తూ పైకి చదివింది. గాజులు బేరమాడుతున్న ఆడవాళ్లు బేరం మాని విన్నారు. పూలంగడి ముందు ఆగి అదే మాట చెప్పింది. మందుల షాపు ముందూ చెప్పింది.

అంతలో ఆదినారాయణ కారు వచ్చి పక్కన ఆగింది. ఆయన తలుపు తెరిచి, కారెక్కమని పళ్లబిగువున అన్నాడు. ఆయన్ని ఏనాడూ ఏకవచనంలో పిలవని మనిషి, అంతమంది ముందు అంది:

"నువ్వు పో. నేను నడిచొస్తా."

ఆమెను వదిలి పోలేడు, పట్టుకుని ఎక్కించలేడు. బజారంతా చూస్తుండగా కారు ఆమె కుంటి నడకకు తగ్గట్టు వెనకాలే మెల్లగా పాకింది. సుశీలమ్మ తర్వాతి అంగడి ముందు ఆగి, కర్రను పైకెత్తి చూపించి, మళ్లీ మొదటినుంచి చెప్పసాగింది.