యారాడలో ఉండిపోయిన చాప

శనివారం భోజనాలు ముగించుకుని, ఒంటిగంటకి ఆర్టీసీ కాంప్లెక్సులో యారాడ బస్సు ఎక్కాం. మేం ఆరుగురం, చుట్టచుట్టిన తుంగచాప ఒకటి. సరదా ప్రయాణం కాదిది. నేను చేసిన తప్పు దిద్దుకోవడానికి బయల్దేరాం.

వన్ టౌన్‌లో మాదొక చిన్న ప్రార్థన కూడిక. మొత్తం ఏడుగురమే. గుడీ లేదు, పాస్టరూ లేరు. ప్రతి శనివారం వంతులవారీగా ఒకరింట్లో కూడతాం. ఎవరింట్లో కూడితే చాప ఆ వారమంతా అక్కడే ఉంటుంది. పై వంతువాళ్లు స్వయంగా వచ్చి పట్టుకెళ్లాలి. మొదటి కీర్తన ఎత్తేది కూడా ఆ ఇంటివాళ్లే. వంతుల కాగితం రాసేది నేను.

సువార్తమ్మ గారు మా అందరిలో పెద్దావిడ. ఊపిరితిత్తుల జబ్బుతో నాలుగు నెలల కిందట యారాడలో కూతురింటికి చేరారు. జబ్బుమనిషికి మన భారం ఎందుకని కాగితంలో ఆవిడ పేరు కొట్టేశాను. అది దయే అనుకున్నాను. ఆవిడను ఒక్కమాట అడగలేదు. పోయిన వారం కూతురు ఫోన్ చేసింది. తల్లి తన వంతు అనుకున్న శనివారం గది కడిగించుకుని, చీకటిపడేదాకా గుమ్మంకేసి చూసిందట. ఇక మందులతో లాభం లేదని డాక్టరు చెప్పేశాడట. అందుకే ఈ వారం కూడిక ఆవిడ దగ్గరే పెట్టాం.

సింధియా స్టాపు దాటాక బస్సులో రద్దీ పలచబడింది. యారాడ వెళ్లదలచినవాళ్లు చిల్లర దగ్గరుంచుకోండి, తిరుగు బస్సు వేళ ఎక్కగానే కండక్టరును అడిగి పెట్టుకోండి. పక్క సీట్లో చేపలమ్ముకునే ఆవిడ ఖాళీ తట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఏటి బాబూ, సాపట్టుకుని బీచీకా?”

“కాదమ్మా, ప్రార్థనకి. సువార్తమ్మ గారని...”

“ఆయాసం ముసలమ్మా? మా ఈదిలోనే ఉంటాది. మా మనుసులొత్తారని శనోరం శనోరం సెప్తాది. మేం నమ్మడం మానేసినాం.”

ఆవిడ నవ్వుతూనే అంది. నేను చాప సర్దుకుని కిటికీ వైపు తిరిగాను. కొండ మలుపు తిరగ్గానే కింద సముద్రం, కొబ్బరితోటలు కనిపించాయి. అందంగానే ఉన్నాయి గానీ చూసే మనసు లేదు.

రెండున్నరకి ఇల్లు చేరాం. సువార్తమ్మ గారు దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. మనిషి చిక్కి సగమయ్యారు. కూడికకి కట్టే తెల్లచీరే కట్టుకున్నారు. వందనాలు చెప్పాను.

“నాను ఇంకా సావనేదు బాబూ,” అన్నారు. “అప్పుడే పేరు కొట్టేసినావేటి?”

“తప్పయిపోయిందమ్మా. మీకు కష్టమవుతుందని...”

“కష్టమో కాదో నన్నడగాల కదా.”

చాప పరిచాను.

కీర్తన ఆవిడే ఎత్తారు. ఒక ముక్క పాడేసరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నేను అందుకోబోయాను. పోర్టులో పనిచేసి రిటైరైన మా యేసుపాదం గారు నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. ఆవిడ నీళ్లు తాగి మళ్లీ మొదలెట్టారు, మళ్లీ ఆగారు. మూడోసారికి పల్లవి పూర్తయింది. అప్పుడు అందరూ గొంతు కలిపారు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

కూతురు ఉప్మా, టీ పెట్టింది. నాలుగున్నర బస్సుకి లేచాం. ఇంత దూరం మళ్లీ ఎవరొస్తారని యేసుపాదం గారే చాప చుట్టబోయారు.

“అదక్కడుంచండన్నియ్యా,” అన్నారు సువార్తమ్మ గారు. “నా ఇంట కూడినారు. వారం నాకాడే ఉండాల. పై వంతెవులిది?”

“నాదేనమ్మా,” అన్నాను.

“అయితే నువ్వే రా. నానుంటే నానిత్తాను. నేకపోతే మా అమ్మి ఇత్తాది. సాప మాత్రం నువ్వే అట్టుకెల్లాల.”

యారాడ అంటే అందరూ సముద్రం గురించి చెబుతారు. నాకు ఆ మూడోసారి ఎత్తిన పల్లవే గుర్తుంటుంది. తిరుగు బస్సులో సీటు దొరికింది, చేతులు ఖాళీగా ఉన్నాయి. వంతుల కాగితం తీసి, కుదుపుల్లోనే ఆవిడ పేరు మళ్లీ రాశాను. ఆవిడ వంతు తిరిగి రావడానికి ఏడు వారాలు పడుతుంది. డాక్టరు చెప్పిన మాట నాకు గుర్తే. అయినా పేరు పక్కన తేదీ కూడా వేశాను.